దేవుడి దయ అన్న జవాబు

"ఎర్లీనమ్మా, మీరు కీమో మానేశారని మీ పక్కింటి వెల్మా చర్చి అంతా చెబుతోందట."

"దాని నోట్లో నువ్వుగింజ నానదు. అయినా నిజమే చెప్పింది."

రొమ్ము కేన్సరుకు తెల్లవాళ్ళు వైద్యం పూర్తి చేస్తుంటే నల్లవాళ్ళు సగంలోనే ఎందుకు ఆగిపోతున్నారో కనిపెట్టి, తమ పద్ధతులు మార్చమని ఆసుపత్రివాళ్ళే పెట్టుకున్న మనిషి రెనీటా. తనూ నల్లపిల్లే. వరండాలో ముసలామె పక్కన కూర్చుంది.

"ఎందుకు మానేశారమ్మా?"

"అది ఎక్కించినప్పట్నుంచీ కాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మంట తల్లీ. ఒక్కరూ పట్టించుకోలేదు."

"ఎలా ఉన్నారని నర్సు అడగలేదా?"

"వెళ్ళినప్పుడల్లా అడిగింది. దేవుడి దయ, బాగున్నానన్నా. అడిగితే మనవాళ్ళం అనేది అదేగా? మా అమ్మ చావుమంచం మీదా అదే అంది."

"ఆ నర్సు తెల్లపిల్ల, నిజంగానే బాగున్నారని రాసుకుంది. నేను మాట్లాడిన మన ఆడవాళ్ళందరిదీ ఇదే మాటమ్మా! ఇక ఆ 'ఎలా ఉన్నారు' అన్న ప్రశ్నే తీయించేస్తాను. ఎక్కడ నొప్పి, నిద్ర పట్టిందా, నడవగలుగుతున్నారా అని అడిగిస్తాను. డాక్టర్లు కాదన్నా వదలను. గురువారం డాక్టర్ల మీటింగుకి మీరూ వచ్చి వాళ్ళ మొహం మీదే చెప్పాలి."

"వస్తా. కీమో కూడా మళ్ళీ ఎక్కించుకుంటా. కానీ పిల్లా, వచ్చిన దగ్గర్నుంచీ నీ ప్రశ్న గొడవేగాని, నా కాళ్ళకి మందు ఇప్పిస్తానని ఒక్కమాటైనా అన్నావా?"