తుంగపిట్ట జవాబు

పక్షుల లెక్కలు చూసే ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టులో బాబాయి నోరు తెరిచాడంటే గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. ఆఫీసంతటికీ ఆయన బాబాయే. ఆ రోజు సంగతి తుంగపిట్ట. అంతరించిపోతున్న పక్షుల జాబితాలో ఆ పిట్ట ఉన్నన్నాళ్లూ ఊరి చివరి మడుగు జోలికి ఎవరూ రాకూడదు. ఇప్పుడు లెక్కలో పిట్టలు పెరిగాయని దాన్ని జాబితాలోంచి తీసేస్తున్నారు, మడుగు పూడ్చడానికి మట్టి లారీలు వచ్చి నిలబడ్డాయి. అంతా తను కట్టిన లెక్క చలవేనని బాబాయి తెగ పొంగిపోతున్నాడు.

బెంచీ చివర కూర్చున్న అమ్మాయిదీ అదే పిట్టల్ని లెక్కపెట్టే ఉద్యోగం. మడుగు పోతోందంటే ఆమెకు ప్రాణం ఉసూరుమంటోంది. పిట్టలైతే పెరిగాయి కదా అని సర్దిచెప్పుకుంటోంది. వాటి కూత తనూ వింది మరి.

"తుంగలో పిట్ట కంటికి ఆనదయ్యా, ఫోన్లో దాని కూత వినిపించాలి, ఉంటే జవాబిస్తుంది, అదీ మా పద్ధతి. లెక్కకెళ్లిన పొద్దున ఒకటే మంచు, ఇలా వినిపించానో లేదో అవతలి గట్టు నుంచి జవాబు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను నడిస్తే నాతోపాటే నడిచింది, అడుగడుక్కీ కొత్త పిట్ట. ఇక ఫోను జేబులో పడేసి నోటితోనే అందుకున్నాను. మడుగు మడుగంతా లేచింది. ఆ గుంపుకి ఎండ కనబడక ఊళ్లో పట్టపగలు వీధి దీపాలు వేశారు."

"మా వీధిలో రాత్రిళ్లే వెలగవే," అన్నాడు టీ కొట్టాయన.

"ఓ ఆడపిట్ట నా భుజమెక్కి ఇంటిదాకా వచ్చింది, మా ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడ్డం లేదు. చివరికి నా గొంతు ముందు నిలవలేక భోజనాల వేళకి అన్నీ ఒక్కసారే నోళ్లు మూసుకున్నాయి. సిగ్గుపడ్డాయి పాపం."

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. ఒకే పూట ఇద్దర్నీ చెరో గట్టుకి తోలిన ఆఫీసు, ఆ ముక్క ఇద్దరిలో ఒక్కరికీ చెప్పలేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది, ముందు తన మీదే.

"సిగ్గుపడలేదు బాబాయ్. నా ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది."

బాబాయి ఆమె వైపు తిరిగాడు.

"అవతలి గట్టున కూత వినిపిస్తూ నడిచింది నేనే. నాకు జవాబిచ్చింది నువ్వు." ఆమె లేచి ఆయన చెయ్యి పట్టుకుంది. "పద, లారీలు కదలకముందే ఆ లెక్కలోంచి మనిద్దర్నీ కొట్టేయించుకుని వద్దాం."