పూత రాలిన షేర్లు

పెనుగొలను వీరరాఘవయ్య గారు నోరు తెరిచారంటే తిరువూరు బస్టాండులో బయల్దేరబోయే బస్సు కూడా ఇంజను ఆపుకుని వినేది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఆపింది డ్రైవరే కావచ్చు, కానీ బస్సుకి ఇష్టం లేకుండా ఆగుతుందా?

పంతొమ్మిది వందల డెబ్భై రెండో సంవత్సరం, మామిడి పూత పిందె కట్టే రోజులు. బస్టాండు పక్కన మాణిక్యమ్మ టీకొట్టు ముందు బల్ల మీద ఆయన ఆ పొద్దున సభ తీర్చారు. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి మీసం, భుజాన జరీ కండువా. వృత్తి మామిడి తోటలు గుత్తకు తీసుకోవడం, ప్రవృత్తి కోతలు కోయడం. ఎదురుగా బట్టల కొట్టు ఆదిశేషయ్య. బల్ల చివర లారీ డ్రైవరు సలావుద్దీన్. అతని చెవులు ఇటున్నాయి గానీ కళ్ళు బెజవాడ బస్సు వచ్చే రోడ్డు మీదున్నాయి.

ఎందుకంటే ఆ బస్సులో అంతోనయ్య దిగుతాడు. అంతోనయ్య ఊరూరా తిరిగి కనకవల్లి పంపుల కంపెనీ షేర్లు కొనుక్కుపోయే మనిషి. మూడేళ్ళ కిందట ఆ కంపెనీవాళ్ళు జీపుకి మైకు కట్టుకుని తిరువూరు వచ్చారు. సంతలో ఒక పంపు బిగించి నీళ్ళు ఎగజిమ్మించారు, జనం తడిసి ముద్దయ్యారు. ఆ తడి బట్టలతోనే సగం ఊరు షేర్లు కొనేసింది. పది రూపాయల షేరు ఏడాది తిరిగేసరికి ముప్ఫై దాకా ఎగబాకింది. పరాయివాళ్ళ లారీ తోలే సలావుద్దీన్ సొంత లారీకి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాడు. అంతలో మొన్న కార్తీకంలో గాలివాన వచ్చి బందరు దారిలో ఉన్న ఫ్యాక్టరీ కప్పు ఎత్తుకుపోయింది. షేరు మూడు రూపాయలకు దిగి కూర్చుంది.

ఉన్న షేర్లన్నీ ఖాకీ చొక్కా లోపల పెట్టుకుని వచ్చాడు సలావుద్దీన్. ఇవాళ అమ్మితే సొంత లారీ మాట ఈ జన్మకి మర్చిపోవాలి. అమ్మకుండా ఉంచుకుని కంపెనీ మూతపడితే ఆ మూడూ పోతాయి. భార్య రోషన్ బీ పొద్దున్నే ఒక మాట చెప్పింది. అమ్ముకొచ్చినా తిట్టను, ఉంచుకొచ్చినా తిట్టను, ఏది చేసినా ఎందుకు చేశావో మాత్రం నాకు అర్థమయ్యేలా చెప్పాలి అంది. అలా చెప్పగలిగే కారణం వెతుక్కుంటూ టీ మీద టీ తాగుతున్నాడు.

వీరరాఘవయ్య గారు ఇదంతా ఓరకంట కనిపెట్టి, గొంతు సవరించుకుని, చిన్నగా మొదలుపెట్టారు. ఆయనెప్పుడూ చిన్నగానే మొదలుపెడతారు.

రెడ్డిగూడెం దగ్గర ఒక తోట. ఆ ఏడు మంచు పట్టి పూతంతా రాలిపోయింది. గుత్తదారులందరూ గట్టు మీద నిలబడి చూసి పెదవి విరిచి వెళ్ళిపోయారు. ఈయనొక్కడే లోపలికి వెళ్ళి, చెట్టు చెట్టుకీ ఒక కొమ్మ వంచి, బెరడు గోటితో గీరి చూశాడట. గీరినచోటల్లా లోపల పచ్చగా ఉందట. పక్క తోటలో పూత విరగబూసిందిట గానీ, కాండం తడితే డొల్లగా మోగిందిట. లోపల పురుగు. ఈయన పూతున్న తోట వదిలేసి, పూత రాలిన తోటని కారుచౌకగా అయిదేళ్ళకు గుత్త రాయించుకున్నాడట.

ఇంతవరకూ నమ్మొచ్చు. ఆదిశేషయ్య తలూపాడు కూడా. తలూపడమే ఆయన చేసిన తప్పు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నారు వీరరాఘవయ్య గారు.

మరుసటేడు కాసింది చూడండి కాపు, కొమ్మలు నేలకానడం కాదు, నేలే లేచి కొమ్మల్ని మోసిందిట. ఒక్కో కాయని దింపడానికి నిచ్చెన వేసి, నడుముకి తాడు కట్టి, మనిషిని పంపేవారట. బండికి రెండు కాయలు పట్టేవి కావు. ఒకసారి మైలవరం దగ్గర బండి తిరగబడి ఒకే ఒక్క కాయ రోడ్డుకి అడ్డంగా పడితే, బస్సులన్నీ రెండ్రోజులు ఆగిపోయాయట. ప్రయాణికులే ఆ కాయ కోసుకు తిని దారి చేసుకున్నారట.

"టెంక ఏం చేశారు బాబాయి గారూ?" అంది మాణిక్యమ్మ, గ్లాసులు కడుగుతూ.

టెంకని తొలిచి వెంకాయమ్మ ధాన్యం పోసుకుంటోంది అన్నారాయన. వెంకాయమ్మ ఆయన భార్య. ఆవిడ అక్కడ లేదు కాబట్టి ధాన్యానికి ఢోకా లేదు.

సలావుద్దీన్‌కి నవ్వు రాలేదు. మామిడి చెట్టయితే బెరడు గీరొచ్చు బాబాయ్, కంపెనీకి ఎక్కడ గీరుతాం అన్నాడు. అందులో వెక్కిరింపు లేదు. నిజంగానే అడిగాడు.

వీరరాఘవయ్య గారి మీసం రెండంగుళాలు పెరిగింది. ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు లేచి నిలబడ్డారు.

"ఒరేయ్ అబ్బాయ్, రేటు పడిందని కొనకూడదు. రేటు పడిందని అమ్మనూ కూడదు. పడింది పూతా, వేరా? అదీ చూడాల్సింది. చూడ్డానికి నేను వెళ్ళాను."

గాలివాన వెలిసిన మర్నాడే బయల్దేరాడట. చెట్లు పడి బస్సుల్లేవు కాబట్టి బందరు దాకా నడిచాడట, అదీ కాఫీ వేళకి బయల్దేరి భోజనం వేళకి చేరాడట. కప్పు లేదు. మేనేజరు గోడకానుకుని ఏడుస్తున్నాడు. ఈయన పైకి చూడనే లేదట. కప్పు చూసి ఏడ్చేవాడు పూత చూసి తోట కొనేవాడితో సమానం అన్నాడట. లోపలికి వెళ్ళి యంత్రాల్ని ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టాడట. అన్నీ ఖంగుఖంగుమన్నాయి. పనివాళ్ళు వచ్చారా అని అడిగాడట. వచ్చారు, తలమీద గోనెపట్టాలు కప్పుకుని పని చేస్తున్నారు. మరి అప్పులున్నాయా అని అడిగాడట, ఎందుకంటే చెట్టుకి పురుగెలాంటిదో కంపెనీకి అప్పు అలాంటిది, బయటికి పూత కనిపిస్తూనే ఉంటుంది, లోపల తొలిచేస్తుంది. మేనేజరు ఇనప్పెట్టె తెరిచి చూపించాడట. అప్పు కాగితం ఒక్కటి లేదు. ఒక ఎలుక మాత్రం బయటికొచ్చి, ఈయనకి దణ్ణం పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళి తలుపేసుకుందిట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పనివాళ్ళు తడుస్తున్నారని నాకు మనసొప్పలేదు. ఇదిగో ఈ కండువాయే. విప్పి నాలుగు స్తంభాలకీ కట్టాను."

కండువా కప్పు కింద నెల్లాళ్ళు ఫ్యాక్టరీ నడిచిందిట. ఆదిశేషయ్య బట్టల వ్యాపారి కాబట్టి ఆ కండువా పొడవు వెడల్పులు కళ్ళతోనే కొలుచుకుని, తడిస్తే సాగే రకం కాబోలు అన్నాడు. సాగే రకమే, అందుకే నీ కొట్లో కొనలేదు అన్నారు వీరరాఘవయ్య గారు.

సలావుద్దీన్ మాత్రం వేరే సంగతి పట్టుకున్నాడు. కప్పు ఇవాళ కాకపోతే రేపు వేస్తారు. కానీ ఈలోపు రైతులు వేరే కంపెనీ పంపులు కొనేసుకుంటే? కప్పు వేసినా కొనేవాడేడీ? ఇదే మాట పైకి అన్నాడు.

దానికి ఆయన దగ్గర సమాధానం లేదని కాదు, మరీ పెద్దది ఉంది. పంపు సంగతి తేల్చుకుందామని ఒకటి బావిలో దించి తిప్పాడట. బావి ఎండింది. ఊళ్ళో బావులన్నీ ఎండాయి. బెజవాడ బ్యారేజీ దగ్గర కృష్ణ మోకాలి లోతుకి దిగిపోయి, గేట్లవాళ్ళు సైకిళ్ళేసుకుని పరిగెత్తుకొచ్చి ఆపమని కాళ్ళావేళ్ళా పడ్డారట. అప్పటికే బందరు రేవులో పడవలు బురదలో కూర్చున్నాయట. ఆపి, తోడిన నీళ్ళన్నీ ఎవరివి వాళ్ళకి కొలిచి పంచేసరికి తెల్లారిందిట. అలాంటి పంపుని వదిలి రైతు ఎక్కడికి పోతాడు అని ముగించారు.

బల్ల మీదవాళ్ళు ఘొల్లుమన్నారు. సలావుద్దీన్‌కి మాత్రం ఎ.కొండూరు గుర్తొచ్చింది.

పోయిన వారమే అక్కడ పంపుల కొట్టుకి సరుకు దింపాడు. వేరే కంపెనీ పంపులు, కొత్తవి, కాస్త చౌక కూడా. దింపినవి దింపినట్టే గోడకి చేర్చి ఉన్నాయి. కొట్టు అరుగు మీద రైతులు కూర్చుని, కనకవల్లి పంపు ఎప్పుడొస్తుంది, బయానా ఇచ్చి రెండు నెలలైంది అని కొట్టువాడిని సతాయిస్తున్నారు. కొట్టువాడు చౌకది పట్టుకుపొమ్మంటే ఒక ముసలి రైతు కసురుకున్నాడు. కనకవల్లి చెడితే మా ఊళ్ళో సైకిలు షాపువాడు పానా పెట్టి తిప్పితే బాగవుతుంది, నీది చెడితే బండెక్కించి బెజవాడ మోయాలి, ఈలోపు నా మిరప తోట ఎండాలా అన్నాడు. అప్పుడు సలావుద్దీన్‌కి అది లారీ సరుకు దింపుతుంటే చెవినపడ్డ గొడవ మాత్రమే. పొలాలకి నీళ్ళు కావాల్సినవాళ్ళు ఎండలో కూర్చుని ఆ పంపు కోసమే ఎదురుచూస్తున్నారని ఇప్పుడు తట్టింది. అప్పు సంగతి తనకి తెలియదు. ఎలుక మాట నమ్మలేడు. కానీ ఇదొక్కటీ కళ్ళారా చూశాడు.

అదే మాట చెప్పాడు, అరుగూ ముసలి రైతూ సైకిలు షాపూ అన్నీ కలిపి. వీరరాఘవయ్య గారు ఒక్క క్షణం కథ మర్చిపోయి అతనివైపే చూశారు. తర్వాత, అదే నేను చెబుతోంది అని కథని బొంబాయి ఎక్కించేశారు.

బొంబాయి షేర్ బజారులో అడుగుపెట్టేసరికి సేట్లందరూ కనకవల్లి అమ్ముతాం అమ్ముతాం అని గోల పెడుతున్నారట. ఈయన మెట్టు మీద నిలబడి, "కొంటా!" అని ఒక్క కేక వేశాడట. ఆ కేకకి ఫ్యాన్లు వెనక్కి తిరిగాయట. పడ్డ రేట్లన్నీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాయట.

"బొంబాయిలో తెలుగు ఎవరికి అర్థమవుతుందండీ?" అన్నాడు ఆదిశేషయ్య.

"కేకకి భాషేంటయ్యా?" అని ఆయన్ని కూర్చోబెట్టి, కథని మాత్రం కూర్చోనివ్వలేదు. సేట్లు చుట్టూ మూగి, పడ్డ షేరులో మంచిదేదో చచ్చిందేదో ఎలా పోల్చుకోవాలి గురూజీ అని అడిగారట. గోటితో గీరి చూడాలి అని ఈయన రెడ్డిగూడెం విద్య చెప్పాడట. మర్నాటి నుంచి సేట్లందరూ కంపెనీల చుట్టూ తిరుగుతూ గోళ్ళతో గోడలు గీరడమే పని. ఆ దెబ్బకి ఇప్పటికీ బొంబాయిలో కంపెనీ గోడలకి సున్నం నిలవదట. పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఉంచుకునే గుండె ఉన్నవాడే ఇలాంటి షేరు ముట్టుకోవాలనీ, తను మాత్రం చచ్చినా ఒక్కటి అమ్మననీ, ప్రాణం పోతే కూడా కాగితాలు పట్టుకునే పోతాననీ చెప్పి, కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

"బాగుందండీ వీరరాఘవయ్య గారూ" అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

అంతోనయ్య. బెజవాడ బస్సు ఎప్పుడొచ్చిందో, ఆయన ఎప్పుడు దిగాడో, రోడ్డుకే కళ్ళప్పగించిన సలావుద్దీన్ కూడా చూడలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని, బొంబాయి కథంతా నిలబడే విన్నట్టున్నాడు.

"మరి మీ షేర్లన్నీ పట్టుకుపొమ్మని పోయిన ఆదివారం మీరే కదండీ కబురు పెట్టారు. కాగితాలు తెచ్చారా?"

బస్టాండులో కోళ్ళు కూడా గింజలు ఏరడం ఆపాయి. వీరరాఘవయ్య గారి చెయ్యి తనకి తెలియకుండానే నడుం దగ్గరికి వెళ్ళింది. అక్కడ పంచె మడతలోంచి కాగితాల అంచు తొంగి చూస్తోంది. ఆదిశేషయ్య నవ్వబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. మాణిక్యమ్మ చేతిలో గ్లాసు నీళ్ళలో మునిగే ఉంది.

సలావుద్దీన్‌కి కూడా నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ ఇంత పెద్ద గొంతుతో ఆయన ధైర్యం చెబుతోంది ఎవరికో ఇప్పుడు తెలిసింది.

వీరరాఘవయ్య గారు బల్ల మీద అతని పక్కన కూర్చుని, ఎప్పుడూ ఎవరూ వినని చిన్న గొంతుతో అడిగారు. "ఏరా, కొండూరువాళ్ళు నిజంగా వేరే పంపు కొనలేదంటావా?"

"కొనలేదు బాబాయ్. నా కళ్ళతో చూశాను. నేను దింపినవి గోడకే ఉన్నాయి."

"ఒట్టు?"

"ఒట్టు. నేను కూడా అమ్మట్లేదు."

వీరరాఘవయ్య గారు నిలువునా లేచారు. కాగితాల అంచుని మడతలోకి లోపలికంటా తోసి, మీసం దువ్వుకుని అంతోనయ్యవైపు తిరిగారు. "నిన్ను పిలిచింది అమ్మడానికి కాదయ్యా. పొద్దస్తమానం కొంటూ తిరుగుతున్నావు, కొనడమెలాగో నేర్పుదామని పిలిచాను. విన్నావుగా. ఇంక వెళ్ళిరా."

ఈసారి మాణిక్యమ్మ ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వుతో ఆదిశేషయ్య, ఆయన నవ్వుతో బస్సు కండక్టరు, ఆఖరికి వీరరాఘవయ్య గారు కూడా, తనే ముందుగా నవ్వినవాడిలా నవ్వారు.

అంతోనయ్య మాత్రం నవ్వలేదు, వెళ్ళనూ లేదు. బల్ల మీద చోటు చేసుకుని కూర్చుని, సలావుద్దీన్ చొక్కా లోపలి ఉబ్బు వైపు కాసేపు చూశాడు.

"షేరుకి నాలుగు చేస్తాను" అన్నాడు.

అంతోనయ్య గ్లాసు తిప్పుతూ కూర్చుని, నేలకేసి చూస్తూ, "అయిదు" అన్నాడు. ఎవరూ బేరం ఆడకుండానే. పుట్టి బుద్ధెరిగాక ఒక్క మాటకీ బదులు చెప్పకుండా ఊరుకోని వీరరాఘవయ్య గారు ఆ మాటకి నోరు తెరవబోయి, సలావుద్దీన్ మోచెయ్యి తగిలి గప్‌చిప్‌గా మూసుకున్నారు.

"టీ తాగండి అంతోనయ్య గారూ," అన్నాడు సలావుద్దీన్, "చల్లారిపోతోంది."