అంచున లేచిన మంట

ఆ, నేనే అక్కా… హలో… ఇప్పుడే చెప్పులు విప్పా. … లేదు, ఇంకా తినలేదు. పొద్దున్నుంచీ వార్డులో నిలబడే ఉన్నా, నడుం పడిపోయింది. చెప్పు…

ఫొటోనా? … ఆ, బావ ఫోన్‌కి నేనే పంపా. మధ్యాహ్నం తిండి మానేసి ఆసుపత్రి మేడెక్కి తీశా. … బావ టెలిస్కోపే, మీ ఇంట్లో మూలన పడుంటే తెచ్చుకున్నానే, అది. సూర్యుడి మంటలు కనపడే ప్రత్యేకమైన ఫిల్టరు బిగించినదే. పొద్దున బస్సులో ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లా…

పని లేక కాదక్కా. సూర్యుడి అంచున పెద్ద మంట లేస్తోందని ఆకాశం చూసేవాళ్ల గ్రూపులో రాత్రే పెట్టారు. మళ్లీ దొరకదు. … ఆ చిన్న తోకలా ఉందే, అదే. మన భూగోళం లాంటివి పదైనా పడతాయి అందులో. … నిజంగానే. నలభై తీస్తే ఒక్కటి కుదిరింది. ఎవరికైనా చూపించాలనిపించింది, ముందు బావే గుర్తొచ్చాడు.

చూడడనే అనుకున్నా. ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డప్పటి నుంచీ గోడవైపు తిరిగి పడుకోవడమేగా… మూడు నెలలు, ఒక్క మాట లేకుండా.

… ఏంటీ? … మళ్లీ చెప్పు. … నోరు విప్పాడా?

… ఏమన్నాడు? … ఫోకస్ దిక్కుమాలినట్టుందన్నాడా. … నవ్వట్లేదక్కా. … ఏడవట్లేదు కూడా. ఆగు, మంచినీళ్లు తాగనీ.

… తిట్టనీలే. … ఫోనివ్వు.

బావా. … ఆ. … ఆ, మసగ్గానే ఉంది, ఒప్పుకుంటా. టెలిస్కోపుకి ఆనించిన ఫోన్ కదిలింది. … గాలికి కాదు, ఓపిక లేక. … మిగతావి ఇంకా ఘోరం. … సరే, అన్నీ పంపుతా, తిట్టుకుంటూ చూడు.

… రేపా? రేపు సెలవే. పడుకుందామనుకున్నా. … మేడెందుకు, మీ గుమ్మం ముందు పొద్దున్నే ఎండ పడుతుందిగా. చక్రాల కుర్చీ అక్కడిదాకా వస్తుంది. … నడవలేకపోతే ఏం బావా, చేతులున్నాయిగా. … అవును, కోపంగానే అన్నా. … ఊఁ.

… ఆ మంట రేపటికి ఉండదు. ఇంకోటి లేస్తుందో లేదో తెలీదు. … ఉత్త సూర్యుడైనా సరేనా? … సరే.

టెలిస్కోపు తీసుకుని ఎనిమిదింటికి వస్తా. … నేనేం చూడను బావా, నువ్వే చూడు. చూసి నాకు చెప్పు. నేను మీ మెట్టు మీద కూర్చుని కునుకు తీస్తా.

… ఆ. ఉంటా.