రెండు వేళ్ళతో

కాదన్నా, నొప్పి కాదు! నొప్పైతే ఓర్చుకోనా? కాఫీ కప్పు పట్టుకుంటాను, చొక్కా గుండీలు పెట్టుకుంటాను. లాస్ ఏంజిలెస్ ట్రాఫిక్‌లో కారు నడుపుకుంటూనే కదా నీ ఇంటికొచ్చాను! గిటార్ మెడ మీద చెయ్యి వేశానా, ఇదిగో, ఈ ఉంగరం వేలూ చిటికెన వేలూ అరచేతిలోకి ముడుచుకుపోతాయి. నావి కానట్టు!

చూడు. చూశావా?

డాక్టరేమో, "మీ మెదడే చేతికి తప్పు కబురు పంపుతోంది, దీనికి మందు లేదు" అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, వేరే పనేం వచ్చు నాకు?

ముప్ఫై ఏళ్ళు, ఎమ్మెట్ అన్నా! పొద్దున సినిమాకి, మధ్యాహ్నం కుక్క బిస్కెట్ల ప్రకటనకి, సాయంత్రం ఎవడో పాటగాడి రికార్డుకి. స్వరాలు రాసిన కాగితం ముందు పెడితే చాలు, మొదటిసారే తప్పు లేకుండా వాయించేవాణ్ణి. నా పేరెక్కడైనా వేశారా? మొన్న మా ఆవిడ ఆర్లీన్ సూపర్ మార్కెట్లో కదలకుండా నిలబడిపోయింది. "వెండెల్, పై స్పీకర్లోంచి వినపడేది నీ గిటారేనయ్యా" అంది. ఉల్లిపాయల దగ్గర! అదీ నా కీర్తి.

ఇప్పుడు, ఈ వయసులో, ఓ చిన్న కంపెనీ వాళ్ళు పిలిచారు. జాజ్ రికార్డు. నేనూ, ఒక బేసూ, ఒక డ్రమ్సూ. నా పాటలే, అట్ట మీద నా పేరే. వచ్చే గురువారం. ఏమని చెప్పను వాళ్ళకి?

నవ్వకన్నా... నవ్వలేదా? సరే.

నీకూ ఇదే కదూ? స్టూడియోలో నీ పక్క కుర్చీలో కూర్చుని చూసేవాణ్ణి. నీ వేళ్ళూ ఇలాగే ముడుచుకునేవి. మిగిలిన రెండు వేళ్ళతో ఎలాగో నెట్టుకొచ్చేవాడివి. అది నాకూ నేర్పు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను.

ఏంటలా చూస్తావ్?

అసలు సంగతి చెప్పకుండా నేర్చుకుపోదామనే వచ్చాను. నావల్ల కావట్లేదు. విను. మనల్ని పనికి పిలిచే హర్షెల్ ఓరోజు నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "ఎమ్మెట్ ఎందుకలా తడబడుతున్నాడు?" అనడిగాడు. నేను... "తాగుతున్నాడు" అన్నాను. నువ్వు! పెళ్ళి విందులో కూడా గ్లాసు ముట్టని మనిషివి! మరుసటి సోమవారం నుంచి నీ కుర్చీ నాది. నీ ఫోన్ మళ్ళీ మోగలేదు.

ఏమిటీ? తెలుసా?

ఆ వారమే తెలిసిందా! హర్షెలే చెప్పాడా?

మరి ఆ మరుసటేడు నా పెళ్ళికెందుకొచ్చావు? ఆ చేత్తోనే ఆర్లీన్ కోసం అంతసేపు ఎందుకు వాయించావు? నేను సిగ్గు లేకుండా చప్పట్లు కొడుతుంటే ఎలా చూస్తూ ఉన్నావన్నా?

ఎక్కడికి లేస్తావ్? గిటార్ తియ్యకు, ఇప్పుడొద్దు! ముందు తిట్టు. ఒక్క మాట తిట్టు. తిట్టకుండా నేర్పితే తట్టుకోలేను.

ఏంటి?... నా చెయ్యి ఇవ్వాలా?

ఇదిగో.