కొత్త రీడ్

అన్న పోయాక అతని శాక్సఫోన్, బ్యాండులో అతని కుర్చీ తమ్ముడికి వచ్చాయి. ఆ సాయంత్రం అతను ముందుగదిలో సాధన చేస్తుంటే, వదిన టీ కప్పుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏం చేశావు దీన్ని?”

“ఊదేచోట ఉండే రీడ్ మార్చాను వదినా. రెల్లు బద్ద తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టాను. నాలుగైదు ఊది చూసి, స్వరం బరువుగా పలికేది ఏరుకున్నాను.”

“నీ వాయింపు బాగానే ఉండేదిగా?”

“పిల్లి అరిచినట్టుందట. అన్నయ్యలా లోతుగా పలకాలంటున్నారు బ్యాండువాళ్లు.”

“అలాగే పలికింది. అందుకే చూడు, మీ అన్నయ్య కప్పు తీశాను. టీ పోశాకగానీ ఆయన లేరని గుర్తురాలేదు.”

అతను తల దించుకుని రీడ్ ఊడదీయబోయాడు.

“తప్పయిపోయింది వదినా. పాతదే పెట్టేస్తాను.”

“ఉండనీ. ముందు టీ తాగు. తర్వాత మళ్లీ వాయించు. నేను ఎదురుగా కూర్చుంటాను. నిన్ను చూస్తూ వింటే పొరబడను.”