ఊడుపులకొచ్చిన మనిషి

పట్నం పెద్దాసుపత్రిలో ఉన్న కూతురు దాలమ్మని పెళ్ళాం మీద వదిలి, ఊడుపుల కోసం చీపురుపల్లి స్టేషన్లో దిగాడతను. బావమరిది ఎదురొచ్చాడు.

"డాక్టరేటన్నాడు బావా?"

"రకతంలో కేన్సరంట. నయమవదంట. ఉన్నన్నాళ్ళూ దగ్గరుండమన్నాడు."

"మరి అప్పనొక్కదాన్నీ ఒగ్గేసి నువ్వెందుకొచ్చినావు?"

"నారు ముదిరిపోతన్నాది. ఊడవకపోతే ఏటి తింటాం?"

"నిన్ననే ఊడ్సీసినాం. ఇంటికొకలు సొప్పున ఊరంతా దిగినారు. కోతలూ మేమే కోసెడతాం. పాప ఏటంది?"

"మల్లీ ఎప్పుడొస్తావు నానా అంది."

రైల్లో దారి పొడుగునా ఆ మాటే అతని చెవిలో ఉంది.

"పట్నం బండి ఇప్పుడే వస్తాది. ఎక్కీ."

"ఒక్కపాలి మడి సూసుకొని ఎల్తానురా."

"మడెక్కడికీ పోదు బావా."

అతను టిక్కెట్టు కిటికీ వైపు నడిచాడు.