రజితకు ఎవలు జామీను

"అమ్మమ్మా, ఆబిడ్స్‌ల గంత పెద్ద బట్టల దుకాణం ఉండంగ హిమాయత్‌నగర్ దాంక ఎందుకు పోవుడు?"

అడిగినవ్ గదా, చెప్త కూసో. గా ఫ్యాన్ జర తగ్గియ్యి, నా మాట నాకే ఇనొస్తలేదు.

గా దుకాణంల నేను కాలు పెట్ట. మూడేండ్లయింది... కాదు, నాలుగు. మీ తాత పోయిన మర్సటేడు గదా, నాలుగే.

నీకెరికే, నేను నాంపల్లిల టైపు ఇన్‌స్టిట్యూట్‌ల ముప్పై ఏండ్లు నేర్పిన. గప్పుడు నెల ఫీజు పదిహేను రూపాయలు. కోర్టుల నౌకరీ కావాల్నని పొద్దుగాల ఆరింటికే పిల్లలు వచ్చి మిషిన్ల కోసం కొట్లాడుకునేటోళ్ళు. మీ చిన్నతాత గూడ గాడ్నే నేర్సుకున్నడు, ఆయనకు రాలేదనుకో... సరే, గది ఇడిసిపెట్టు. రిటైరైనంక ఊకె కూసోబుద్ధిగాక, ఆడపిల్లల హోమ్ ఒకటుంటె శనివారం శనివారం పోయి కంప్యూటర్‌ల బిల్లు కొట్టుడు నేర్పుతుంటి. అమ్మనాయిన లేని పిల్లలు, ఉండి గూడ ఇడిసిపెట్టిన పిల్లలు. గా పిల్లలల్ల రజిత అని ఒక పిల్ల. మూడేండ్లున్నప్పుడు తెచ్చి ఏసిన్రట. ఎవలు తెచ్చిన్రో గూడ రాసి లేదు. చేతి ఏళ్ళు కీబోర్డు మీద ఉరుకుతుండె, కండ్లు తెర మీదనే ఉంటుండె.

పద్దెనిమిది నిండినయంటె గా హోమ్‌ల ఇగ ఉండనియ్యరు. నీకు పద్దెనిమిది నిండిన నాడు మీ అమ్మ నీకు అన్నం కలిపి పెట్టింది, నేను సూసిన. రజితను బ్యాగు సదురుకోమన్నరు.

గప్పుడే గా దుకాణంల బిల్లింగుకు పిల్ల కావాల్నని బోర్డు పెట్టిన్రు. నేనే తోలుకపోయిన. మేనేజరు ఏదీ, బిల్లు కొట్టి సూపియ్యి అన్నడు. కొట్టింది. ఒక్క తప్పు లేదు. "మంచిగుంది, సోమవారం నుంచి రా" అని ఫారం ఇచ్చిండు. తండ్రి పేరు కాడ గీత గీసింది. సొంతూరి అడ్రస్ కాడ హోమ్ పేరు రాసింది. ఆయన గది సదివి పెన్ను కింద పెట్టిండు.

"ఇంటి పెద్దోళ్ళు జామీను సంతకం పెట్టాలె" అన్నడు.

"నేను పెడ్త" అన్న.

"మీరేమైతరు?"

"టీచర్ను."

"టీచరంటె కుదరదమ్మా, సొంతోళ్ళు గావాలె. రేపు ఏమన్న అయితే మేము ఎవలింటికి పోవాలె?"

ఏమన్న అయితే అంటే ఏంది సార్ అని అడిగిన. "అసొంటి కాడ పెరిగిన పిల్లలు ఎట్లుంటరో మనకేం తెలుస్తది" అన్నడు. పిల్ల ముంగటనే బిడ్డా. దానికి ఇనొస్తలేదన్నట్టు.

"అమ్మనాయినలున్నోళ్ళు మీ కాడ ఇంతవరకు ఏ తప్పు చెయ్యలేదా" అన్న. వాచ్‌మన్‌ను పిలిచిండు. గాయిన నాకంటె పెద్దమనిషి, "నడువక్కా" అని మెల్లగ అన్నడు. రజితనే నా చెయ్యి పట్టుకొని బయటికి తెచ్చింది. రోడ్డు మీదికొచ్చినంక ఏమన్నది ఎరికేనా? "టీచరమ్మా, పొద్దున బీపీ గోలి ఏసుకున్నరా" అన్నది.

మల్ల నెలంత తిరిగినం. యాడికి పోయినా గదే ఫారం, గదే తండ్రి పేరు. ఆఖరికి నాంపల్లి టేసన్ కాడ కండ్లద్దాల దుకాణపాయన పెట్టుకున్నడు. నా కాడ టైపు నేర్సుకున్నోడే, ఇప్పుడు తల నెరిసింది. "మీరు తెచ్చిన్రు, గంతే చాలు టీచర్" అన్నడు. మంచోడే. గని గా మాటకు గూడ నా కడుపు మండింది. నేను తేకపోతే? హోమ్‌ల ఇంకా ఎంతమంది ఉన్నరు, ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క ముసలి టీచర్‌ను యాడికెళ్ళి తేవాలె?

ఇప్పుడు కౌంటరంత దాని చేతులనే. ఇంకో ఇద్దరు పిల్లలతోని కలిసి రూము కిరాయికి తీసుకుంది.

మొన్న అద్దాలు మార్పిచ్చుకుందామని పోయిన. రజిత లోపట ఏదో సదురుతుంది. దానితోని పనిచేసే పిల్ల నాకు కుర్చీ ఏసి, "మీరు రజిత వాళ్ళ పెద్దమ్మ గదా ఆంటీ? మీ చెల్లె మోకాళ్ళు తగ్గినయా? రజిత మెదక్ పోయొచ్చినప్పుడల్ల చెప్తది" అన్నది.

నాకు జరసేపు సమజ్ గాలే. ఏ చెల్లె, ఏ మెదక్? మల్ల సమజైంది. పిల్ల తల్లిని కల్పించుకుంది. ఊరు కల్పించుకుంది. అందరు నమ్మాలె గదా, తల్లికి మోకాళ్ళ నొప్పి గూడ పెట్టింది. సెలవులకు ఊరికి పోతున్ననని చెప్పి, యాడ కూసుంటదో ఏమో.

"ఇప్పుడు నయమే బిడ్డా, నడుస్తుంది" అని చెప్పిన. ఆదివారం చర్చిల పాటలు పాడే నోరే ఇది.

రజిత ఇన్నది. బయటికొచ్చి నా అద్దాలు తీసుకొని తుడుసుకుంట నిలబడ్డది. నా మొకం దిక్కు సూడలే.

పనిల వంక పెట్టెతందుకు లేదు దానికి. గట్లాంటి పిల్ల నాలుగేండ్ల సంది లేని తల్లిని మోసుకుంట తిరుగుడేంది? సిగ్గు పడాల్సింది అదా? ఫారం ఇచ్చినోళ్ళకు లేదు సిగ్గు, గా మేనేజరుకు లేదు...

పోనీ తియ్యి. నువ్వు సల్లగుండు బిడ్డా. అది గూడ సల్లగుండాలె. వచ్చే ఆదివారం అన్నానికి రమ్మన్న దాన్ని. పెద్దమ్మనైన గదా ఇగ. దానికేమిష్టమో గూడ నాకు తెల్వదు, ఏం వండాలెనో...